ట్యూబులు మార్చారు, డోసు లెక్క మార్చలేదు

సర్వీస్ విభాగం మేనేజరు గారికి,

విషయం: సోరియాసిస్ (చర్మవ్యాధి) చికిత్సకు వాడే నారోబ్యాండ్ యూవీబీ (311 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతి) ఛాంబర్ సర్వీసులో ప్రమాదకరమైన లోపాలు.

అయ్యా,

మీ ఇంజినీరు మా ఛాంబర్‌లో పాత ట్యూబులు తీసి కొత్తవి వేశారు. కంట్రోలరులో ఇర్రేడియన్స్ (చర్మం మీద పడే కాంతి తీవ్రత) మాత్రం పాతదే, చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీవాట్లు, వదిలేసి వెళ్లారు. మేం కొలిస్తే 6.5 వచ్చింది. డోసును కంట్రోలరులో ఉన్న అంకెతో భాగించి మెషీన్ సెకన్లు లెక్కగడుతుంది. 400 మిల్లీజౌళ్లు పెడితే 100 సెకన్లు వెలుగుతుంది, ఒంటికి తగిలేది 650. సిట్టింగుకు 10 నుంచి 20 శాతం చొప్పున జాగ్రత్తగా పెంచే చికిత్సలో ఒక్కసారిగా 60 శాతం పైచిలుకు! యూవీబీ ఎరుపు వెంటనే కనబడదు, 12 నుంచి 24 గంటల్లో ముదురుతుంది. రోగి ఇంటికి చేరాక మంట, బొబ్బలు మొదలవుతాయి. కాలిన చోటే కొత్త సోరియాసిస్ మచ్చలు లేవవచ్చు. రోగులను లోపలికి పంపే ముందే కొలిచాం కాబట్టి ఎవరికీ హాని జరగలేదు.

రెండోది ఇంకా ఘోరం. వెనుక వరుసలో రెండు ట్యూబుల మీద నారోబ్యాండ్ కోడ్ 01 బదులు 12 అని ఉంది. పొడవు, పిన్నులు ఒకటే కావడంతో హోల్డర్లలో సరిగ్గా కూర్చున్నాయి. అవి బ్రాడ్‌బ్యాండ్‌వి, అంటే విస్తృత శ్రేణి యూవీబీ ఇచ్చేవి. 300 నానోమీటర్ల లోపు కిరణాలు కూడా ఇస్తాయి, అదే డోసుకు చర్మాన్ని చాలా ఎక్కువగా కాలుస్తాయి. 311 నానోమీటర్లకు కాలిబ్రేట్ చేసిన మీటరు వాటిని సరిగా కొలవలేదు. పై కొలత వాటిని తీసేశాకే తీసుకున్నాం. ఛాంబర్ పైభాగంలోని ఫ్యాన్లలో ఒకటి తిరగడం కూడా లేదు.

సర్వీస్ రిపోర్టులో 'పనితీరు బాగుంది' అని తప్ప ఒక్క అంకె లేదు. యూవీబీ అయనీకరణ రేడియేషన్ కాదు కనుక ఎక్స్‌రే మెషీన్‌లా దీనికి అణుశక్తి నియంత్రణ బోర్డు తనిఖీ ఉండదు. ట్యూబు మార్చినవారే కొలిచి, రాసి, సంతకం పెట్టి తీరాలి.

అన్నీ టీఎల్-01 ట్యూబులే వేయించండి, ఫ్యాను మార్పించండి. కొత్త ట్యూబుల వెలుగు మొదటి గంటల్లో వేగంగా పడిపోతుంది. అందుకని కొన్ని గంటలు వెలిగించి ఉంచాకే కొలవాలి. కొలిచే ముందు 5 నిమిషాలు వేడెక్కనివ్వాలి. రక్షణ దుస్తులు, కళ్లద్దాలు వేసుకున్న మనిషి లోపల నిలబడి ఛాతీ, నడుము, మోకాలి ఎత్తుల్లో నాలుగు వైపులా రీడింగులు తీయాలి. సగటును కంట్రోలరులో ఎక్కించి, మీటరు కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో కలిపి మాకివ్వాలి.

మూడు రోజుల్లో ఇది పూర్తి కావాలి. రోగులకు వారానికి మూడు సిట్టింగులు నడుస్తున్నాయి. చికిత్స ఆగి వారం దాటితే డోసు 25 శాతం తగ్గించాలి, మూడు వారాలు దాటితే మళ్లీ మొదటి నుంచి. ఇన్నాళ్లు కష్టపడి తగ్గించుకున్న జబ్బు వాళ్లది.

ఇదే బ్యాచ్ ట్యూబులు వేసిన మిగతా ఆసుపత్రులకు ఈరోజే ఫోన్ చేసి, కొలిచేదాకా మెషీన్ ఆపమని చెప్పండి.

ఇట్లు,
ఫోటోథెరపీ విభాగం