వార్షిక నివేదిక: గుంతకల్లు–కడప లైనుకు డైనింగ్ కారు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒక్క రైలు పెట్టె చుట్టూనే తిరిగింది. గుంతకల్లు నుంచి గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడప దాకా, కంప్యూటర్లో రైళ్లు నడిపే ఓపెన్ రైల్స్ సిమ్యులేటర్‌లో మనం కట్టుకుంటూ వస్తున్న లైనుకు పాతకాలపు డైనింగ్ కారు, అంటే బల్లల దగ్గర కూర్చుని భోజనం చేసే పెట్టె, చేయాలని పోయిన మహాసభలో తీర్మానించాం. ఆ పెట్టె తయారైంది, ఫైలు అందరికీ పంపాం. దాన్ని ఎందుకిలా చేశామో సభ్యులకు వివరంగా చెప్పడం కమిటీ బాధ్యత.

మద్రాసు రైల్వే లైను 1871లో రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే లైనుతో కలిసింది. మద్రాసు–బొంబాయి మెయిల్ మన జిల్లా మీదుగా నడవడం అలా మొదలైంది. రైళ్లలో, స్టేషన్లలో భోజనం కాంట్రాక్టులకు కలకత్తా వైపు కెల్నర్, బొంబాయి వైపు బ్రాండన్, దక్షిణాదిలో స్పెన్సర్ కంపెనీలు పేరు మోశాయి. మనం మాత్రం రైల్వే కంపెనీల కాలానికి పోకుండా 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడిన తర్వాతి రోజులను ఎంచుకున్నాం. ఆవిరి ఇంజను, ఇటుక రంగు పెట్టెలు, పెద్ద స్టేషన్లో బేరర్ చేతిలో ట్రే, ఇవన్నీ చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అడిగి తెలుసుకోగలిగిన కాలాన్ని వదిలేసి ఊహల్లోకి పోవడం మాకు నచ్చలేదు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది పెట్టె రూపం గురించి కాదు, బండి నడిచే పద్ధతి గురించి. ఆ కాలంలో చాలా పెట్టెలకు ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి పోయే దారి ఉండేది కాదు. భోజనం చేయాలంటే బండి ఆగినప్పుడు దిగి, ప్లాట్‌ఫారం మీద నడిచి డైనింగ్ కారు ఎక్కాలి. తినడం అయిపోయినా తర్వాతి స్టేషన్ దాకా అక్కడే కూర్చోవాలి. కాబట్టి బండి ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది అన్నదాన్ని బట్టే భోజనం వేళ. ఈ సంగతి పట్టించుకోకుండా బండి పెట్టెల వరుసలో ఒక అందమైన పెట్టె తగిలిస్తే అది బొమ్మగానే మిగిలిపోతుందని కమిటీ అభిప్రాయం.

అందుకే మన మెయిల్ యాక్టివిటీని, అంటే సిమ్యులేటర్లో బండి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే ఫైలును, మొదటి నుంచీ తిరగరాశాం. గుంతకల్లులో భోజనానికి ఎక్కినవాళ్లు తాడిపత్రిలో దిగి తమ పెట్టెకు పోతారు. మధ్యలో గుత్తి తగులుతుంది కానీ అక్కడికి చేరేసరికి వడ్డన ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఎక్కేవాళ్లు పూర్తిగా ఎక్కకముందే బండి కదిలిస్తే ఓపెన్ రైల్స్ తన మూల్యాంకనంలో దాన్ని తప్పుగా నమోదు చేస్తుంది. ఈ ఏర్పాటు మనకు బాగా కలిసొచ్చింది. బ్రేకులు కూడా ఆ కాలానివే, వాక్యూమ్ బ్రేకులు. హ్యాండిల్ తిప్పగానే పట్టవు, చివరి పెట్టె దాకా ప్రభావం పోవడానికి టైం పడుతుంది. స్టేషన్ కనబడ్డాక గట్టిగా బ్రేకు వేసే అలవాటున్నవాళ్లు దయచేసి మానుకోండి, అవతల బల్లల మీద సూపు గిన్నెలున్నాయి.

ఇక పెట్టె విషయం. పొడవు 68 అడుగులు, అంటే 20.73 మీటర్లు. పాత డ్రాయింగులన్నీ అడుగులు, అంగుళాల్లోనే ఉంటాయి, సిమ్యులేటర్ మీటర్లు అడుగుతుంది. సిమ్యులేటర్‌తో వచ్చే పట్టాలు 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌వి. మన బ్రాడ్ గేజ్ 1676. వాటి మీద మన చక్రాలు పెడితే పట్టాలకు అవతల వేలాడతాయి. అందుకని గుంతకల్లు యార్డు దాకా సొంత పట్టాలే వేసుకున్నాం.

లోపలి భాగాన్ని రెండుసార్లు చేయాల్సి వచ్చింది. బయట నుంచి కిటికీల్లో కనబడేది తేలికైన మోడల్, ప్రయాణికుడిగా లోపల కూర్చుంటే కనబడేది వేరే ఫైలు. ఈ రెండోదాంట్లోనే మన కుర్రాళ్ల పనితనం చూడాలి. ఒక పక్క నలుగురు కూర్చునే బల్లలు, ఇంకో పక్క ఇద్దరివి. బల్ల అంచు చుట్టూ వేలెడంత ఎత్తున టేకు పట్టీ ఉంటుంది, కుదుపుకు కప్పు జారకుండా. వంటగదిలో ఇనుప బొగ్గు పొయ్యి, పైకప్పు దాటి వచ్చే పొగగొట్టం, పైన నీళ్ల ట్యాంకు, ఐసు పెట్టె, జాలీ తలుపుల బీరువా. ప్లేట్లను నిలువుగా దోపే చెక్క గూళ్లను గుత్తి సభ్యుడొకరు విడివిడిగా చెక్కినట్టే చేశారు. లైట్లకు కరెంటు ఇచ్చేది ఇరుసుకు బెల్టుతో తిరిగే డైనమో. బండి ఆగితే బ్యాటరీలే దిక్కు.

కూర్చున్న మనిషి కంటి ఎత్తు ఎంత పెట్టాలన్నది తేల్చడానికి ఇద్దరు సభ్యులు సొంత ఖర్చుతో ముంబై–పుణె మధ్య నడిచే దక్కన్ క్వీన్ ఎక్కి వచ్చారు. 1930 జూన్ 1న మొదలైన ఆ బండిలో బల్లల దగ్గర కూర్చుని తినే డైనింగ్ కారు నేటికీ ఉంది. వడ్డించే మనిషి తుంటిని బల్లకు ఆనించి, రెండు చేతులూ ట్రేకు వదిలేయడం వాళ్లు గమనించారు. మన బేరర్ బొమ్మ ఇప్పుడు అలాగే నిలబడుతుంది.

తాడిపత్రి సభ్యులు లేవనెత్తిన అభ్యంతరాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాం. డైనింగ్ కారులో తిన్నది కొద్దిమందే, మన తాతలు వెళ్లింది మూడో తరగతిలో, వాళ్ల భోజనం ప్లాట్‌ఫారం మీదే కదా అన్నారు. న్యాయమైన మాట. మూడో తరగతి 1974లో రద్దయ్యేదాకా ఈ లైనులో ఎక్కువమంది ప్రయాణం అదే. కొళాయి దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డవాళ్లు, కిటికీల వెంట పరిగెత్తే టీ అబ్బాయిలు లేకపోతే గుంతకల్లు స్టేషన్ సగమే ఉన్నట్టు. వచ్చే ఏడాది మొదటి పని చెక్క బెంచీల మూడో తరగతి పెట్టె, ఆ తర్వాత ప్లాట్‌ఫారం మనుషులు. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

మిగతా విషయాలు క్లుప్తంగా. కొత్త సభ్యులకు మోడళ్లు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ క్లాసులు అనంతపురంలో ఆదివారాలు జరిగాయి, వేసవిలో కరెంటు కోతల వల్ల కొన్ని ఆగిపోయాయి. పాత కంప్యూటర్లున్నవాళ్ల కోసం దూరం నుంచి చూస్తే వివరాలు తగ్గిపోయేలా మూడు స్థాయిల్లో మోడల్ ఇచ్చాం. ఇంకా బండి తడబడుతుంటే చిన్న టెక్స్‌చర్ల (మోడల్ పైన అతికించే బొమ్మల) ఫోల్డరు వాడండి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ప్రశ్నలుంటే మహాసభకు ముందే రాసి పంపండి.

మూడో తరగతి పెట్టె కోసం మీ ఇళ్లలో పాత ఫొటోలు, టికెట్లు, టైంటేబుళ్లు ఉంటే స్కాన్ చేసి ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కబురు చేయండి, మేమే వచ్చి కలుస్తాం.

ఇట్లు,
కార్యదర్శి