హక్కు ఉంటే తాళం వేయకూడదా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కాల్పుల మీద మొన్న మీరు రాసిన సంపాదకీయం చదివాను. బాగానే ఉంది కానీ, తుపాకీ అక్కడి రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరన్నట్టు చివర్లో తేల్చేశారు. అక్కడే నాకు పేచీ. మా అమ్మాయి వాళ్లు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఉంటారు. ఆర్నెల్లు అక్కడ ఉండి వచ్చినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నా.

తుపాకీ హక్కు ఇచ్చిన రాజ్యాంగ రెండో సవరణ 1791 నాటిది, నిజమే. కానీ అది వ్యక్తిగత హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది 2008లో, హెల్లర్ కేసులో, అదీ 5-4తో. ఆ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియాయే ఈ హక్కుకు హద్దులున్నాయని, నేరస్తుల చేతికి తుపాకీ వెళ్లకుండా, బడుల్లోకి రాకుండా ఆపే చట్టాలకు ఢోకా లేదని అందులోనే చెప్పారు. 2022లో అదే కోర్టు బ్రూయెన్ కేసులో తీర్పిచ్చాక మాత్రం ఏ ఆంక్ష పెట్టినా పాతకాలపు చట్టాల్లో దానికి పోలిక చూపించాల్సి వస్తోంది, అది పెద్ద చిక్కే (1791లో ఏఆర్-15 లాంటి ఇప్పటి రైఫిల్ ఎక్కడుందని నాలాంటి వాళ్లం అడగొచ్చు, వినేదెవరు!). అయినా 2024లో రహీమీ కేసులో, భార్యనో ప్రియురాలినో హింసిస్తాడని ఎవడి మీదైతే కోర్టు రక్షణ ఉత్తర్వు ఉందో వాడి దగ్గర తుపాకీ ఉండకుండా చేయొచ్చని అదే కోర్టు 8-1తో చెప్పింది.

మరి అడ్డం ఎక్కడ? 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లల్ని కాల్చి చంపారు. లైసెన్సున్న దుకాణంలో కొంటే కొనేవాడి నేపథ్యం తనిఖీ చేస్తారు, అదే గన్ షోలోనో ఆన్‌లైన్ ప్రకటన చూసో ప్రైవేటు మనిషి దగ్గర కొంటే ఫెడరల్ చట్టం ప్రకారం తనిఖీ అక్కర్లేదు, ఆ సందు మూయడానికి 2013లో సెనేట్‌లో ప్రతిపాదన పెడితే 54 ఓట్లు వచ్చాయి. 60 కావాలి. ఆగిపోయింది. దాన్ని ఆపింది ఏ కోర్టూ కాదు, జనం ఓట్లేసి గెలిపించిన సెనేటర్లే. 2022లో టెక్సస్‌లోనే యువాల్డీ బడిలో కాల్పులకు 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయాక నెల తిరిగేసరికి రెండు పార్టీలూ కలిసి ఒక చట్టం తేగలిగాయి కూడా, చిన్నదే అనుకోండి.

ఓటు మాట ఎందుకు ఎత్తానంటే, అక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు తక్కువేం లేరు. 2017లో కాన్సస్‌లో, 2023లో మా అమ్మాయి వాళ్లు షాపింగుకి వెళ్లే ఆలెన్ మాల్‌లో మనవాళ్లూ బలయ్యారు. అప్పుడు కొవ్వొత్తులు పట్టుకుంటాం, విరాళాలు పోగుచేస్తాం, ఎన్నికలొస్తే మాత్రం ట్యాక్సుల గురించి, వీసాల గురించే మాట్లాడుకుంటాం. రాత్రంతా గ్యాస్ స్టేషన్‌లో ఒంటరిగా కూర్చునే మనవాడు కౌంటర్ కింద పిస్తోలు పెట్టుకుంటే నేను తప్పుపట్టను. అతని భయం నిజమైనదే. కానీ అక్కడ తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసం కొన్నది ఇంట్లోవాళ్ల మీదికే తిరుగుతోంది. తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి మన విద్యార్థి పోయాడని 2024లో మీ పేపర్లోనే చదివాం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మా మనవడు కిండర్‌గార్టెన్. "అమ్మమ్మా, లైట్లు ఆపేసి మూల కూర్చోవాలి, దగ్గొచ్చినా దగ్గకూడదు" అని లాక్‌డౌన్ డ్రిల్ (తుపాకీతో ఎవడైనా బడిలోకొస్తే దాక్కునే సాధన) ఎలా చేయాలో నాకు నేర్పించాడు. వాడికది ఆట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాడు పక్కింటికి ఆడుకోవడానికి వెళ్తానంటే మా అమ్మాయి ముందు ఫోన్ చేసి, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంచుతారా అని అడుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు మొహమాటంతో నేనే తల దించుకున్నా. ఆ అమెరికా ఆవిడ ఏమీ అనుకోలేదు, సేఫ్‌లో పెట్టి తాళం వేశామంది. మన తెలుగువాళ్ల ఇళ్లకు పంపేటప్పుడు మాత్రం అడగదట, ఏమనుకుంటారోనని. అక్కడ కూడా అడగమని చెప్పి వచ్చాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఖమ్మం