2025–26 వార్షిక నివేదిక: గని ప్రభావిత గ్రామాల సంఘం సభ్యులకు

వేదిక మీదున్న పటేళ్లకు, మన పూజారులైన వడ్డెలకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి సరాసరి ఈ ఏడు చేసిన పనిలోకి వస్తాను.

గని కంపెనీలో మన ఊళ్లతో సంబంధాలు చూసే ఆఫీసర్లు ఈ ఏడాదిలో ముగ్గురు వచ్చారు. మొదటాయన మన గూడేల పేర్లు నేర్చుకునేలోపే బదిలీ అయిపోయారు. రెండో ఆయనకు జీపు దిగే అలవాటు లేదు. ఇప్పుడున్న మేడమ్ నయం, పిలిస్తే వస్తారు. కానీ మనిషి మారినప్పుడల్లా మనకు కథ మొదటికొస్తోంది. ఎవరి భూమి పోయింది, ఎవరికి చెక్కు రాలేదు, బ్లాస్టింగ్‌కి ఎవరి గోడ పగిలింది, అన్నీ మళ్లీ చెప్పుకోవాలి. చెప్పాక ‘ఫైల్లో అలాంటిదేం లేదండి’ అంటారు. ఎలా ఉంటుంది? ఎవరూ రాయలేదు కదా.

అందుకే ఈసారి పది కోరికలు కాకుండా ఒక్కదాన్నే పట్టుకున్నాం. మేం చెప్పింది తెలుగులో రాయండి, నంబరు వేయండి, రసీదు ఇవ్వండి. నాలుగు నెలలు తిరిగితే ఆగస్టులో ఫిర్యాదుల రిజిస్టర్ పెట్టారు. కోయ భాష వచ్చిన మన ఊరి అమ్మాయినే రాయడానికి పెట్టుకున్నారు. మొదటి రోజు ఒక పెద్దమ్మ బావి ఎండిపోయిందని చెబితే, పక్కనున్న కంపెనీ ఉద్యోగి ‘నీటి సమస్య’ అని రాయమన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. “సమస్య అని రాయకు బిడ్డా. మా బాయి అని రాయి, ఎక్కడుందో రాయి” అంది. అలాగే రాశారు, రసీదు నంబరు 1. బావికి ఇంకా నీళ్లు రాలేదు. ట్యాంకర్ మాత్రం వస్తోంది, అదీ ఒకరోజు వచ్చి ఒకరోజు రాక.

జులైలో చట్టాల మీద ఒక రోజు శిక్షణ పెట్టాం. వచ్చిన వకీలు గారు ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1/70 చట్టం నుంచి మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం, గిరిజన ప్రాంతాల్లో గనుల లీజుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 సమత తీర్పు దాకా ఓపిగ్గా చెప్పారు. గని నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలని సుప్రీంకోర్టు ఆ తీర్పులోనే అన్నదని విని చాలామంది నోరు తెరిచారు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని మీద 2013లో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయన్న సంగతి కూడా చెప్పారు. మనం గని వద్దంటున్నామా, మమ్మల్ని అడిగి చేయమంటున్నామా అనే వాదన ఆ రోజు సాయంత్రం దాకా నడిచింది. అది ఇంకా తేలలేదు. తేలాలి కూడా.

ఆ శిక్షణ ఊరికే పోలేదు. గని విస్తరణకు అటవీ భూమి కావాలని గ్రామసభ నోటీసు వచ్చింది. ఏ తేదీకి అనుకున్నారు? సరిగ్గా మేడారం జాతర వారానికి. ఊరంతా అమ్మవార్ల దగ్గరుంటే సభకు ఎవరొస్తారు? దరఖాస్తు పెట్టి ఫిబ్రవరికి మార్పించాం. ఆ రోజూ జనం చాలలేదు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభ సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. వచ్చిన అధికారి గంట చూసి, ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టిస్తే మిగతాది తర్వాత రాసుకుంటామన్నారు. అప్పుడు మన వార్డు మెంబరు లేచి మినిట్స్ పుస్తకం మూసి, దాని మీదే కూర్చుంది. జీపు వెళ్లిపోయేదాకా లేవలేదు. ఆ చెల్లెలికి ఈ సభ తరఫున చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

ఇక మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని డిసెంబరులో జరిగింది. కంపెనీ మ్యాపులో మన తూర్పు వైపు భూమి మొత్తం ‘బంజరు’ అని ఉంది. వరి కోతలయ్యాక మూడు రోజులు పెద్దలను ముందుంచుకుని ఆ బంజరంతా నడిచాం. ముత్యాలమ్మ గద్దె, ఊట, ఇప్పచెట్లు, తునికాకు కోసే చోట్లు, చనిపోయినవాళ్లకు పాతిన రాళ్లు, ఒక్కొక్కటి మన నోటుపుస్తకంలో ఎక్కింది. మేడమ్‌ను పిలిస్తే రెండో రోజు వచ్చారు, చెప్పులు కారులోనే వదిలి నడిచారు. ఒక రాయి దగ్గర అందరం ఆగిపోయాం. సర్వే వాళ్లు దాని మీద ఎర్ర పెయింటుతో నంబరు వేసి పోయారు. వడ్డె గారి భార్య ఏమీ అనకుండా కూర్చుని చింతపండు నానబెట్టి రుద్దడం మొదలుపెట్టింది. పోలేదు. మేడమ్ డ్రైవరును పంపి టర్పెంటైన్ తెప్పించి, తన చున్నీ కొంగుతోనే తుడిచారు. సగం పోయింది, ఇంకో సగం ఇప్పటికీ కనపడుతోంది. ఆ జాబితా మీద కంపెనీ ముద్ర వేయించి ఒక నకలు తెచ్చుకున్నాం. ఆమెనూ బదిలీ చేసేలోపు ఆ చోట్లు మ్యాపులోకి ఎక్కాలి.

గని ప్రభావిత ఊళ్ల బాగు కోసం గనుల వాళ్లు కట్టే జిల్లా ఖనిజ నిధి గురించి ఒక్క మాట. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లను నేరుగా నష్టపోయిన ప్రాంతంగా చూడాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనం నాలుగు కిలోమీటర్లలో ఉన్నాం. మన అంగన్‌వాడీకి పైకప్పు లేదు. ఆ డబ్బులు ఎక్కడికి పోయాయో చూడాలంటే నియోజకవర్గం అవతలి చివర కట్టిన ఫంక్షన్ హాలు చూసి రావచ్చు. మూడు అర్జీలు ఇచ్చాం, ఒక్కదానికీ జవాబు లేదు.

సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు. మూడు రోజులూ వంట చేసిన మహిళా సంఘానికి, ట్రాక్టరు ఉత్తినే ఇచ్చిన సోదరుడికి, జిరాక్సులు అప్పు మీద తీసిన షాపాయనకు, రాత్రిళ్లు కూర్చుని జాబితా సాపు రాసిన డిగ్రీ పిల్లలకు, ఉచితంగా వచ్చిన వకీలు గారికి పేరుపేరునా దండాలు.

కమిటీలో పదకొండు మందిమి ఉన్నాం. ఏ పనికి పిలిచినా వచ్చేది నలుగురు, వాళ్లే మళ్లీ మళ్లీ. యువజన విభాగం తమ్ముళ్లు వాట్సాప్‌లో ఫొటోలకు దండం ఎమోజీలు బాగానే పెడతారు, నడకకు మాత్రం ఇద్దరే వచ్చారు. కోపంతో అనడం లేదు, లెక్క చెబుతున్నా.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు గోడకు అంటించారు, చూసుకోండి. జీపు అద్దెకు, భోజనాలకు, జిరాక్సులకే ఎక్కువ పోయింది. చందా బకాయిల పేర్లు ఇక్కడ చదవను. ఎవరికి వాళ్లకు తెలుసు.

భోజనాల తర్వాత కొత్త కమిటీ ఎన్నిక ఉంటుంది. కార్యదర్శి పదవికి ఎవరైనా ముందుకొస్తే ఆఫీసు తాళంచెవి, రబ్బరు స్టాంపు, రసీదుల కట్ట అక్కడికక్కడే అప్పగిస్తాను. ఎవరూ రాకపోతే మళ్లీ నేనే, కానీ సంచి మోయడానికి ఒక మనిషినైనా ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి