ఆటోనగర్ బాబాయ్‌కి కృతజ్ఞతలు

పోయిన నెల గాజువాక ఆటోనగర్‌లో నా పాత 970 సీసీ మారుతి జిప్సీ జీపు పక్కన తల పట్టుకుని కూర్చుంటే తనంతట తానే వచ్చి పలకరించిన బాబాయ్, కంగారులో మీ పేరు కూడా అడగలేదు. ఫోర్ వీల్ లివర్ పడుతోంది గానీ ముందు చక్రాలు లాగడం లేదు, అంతకుముందు ఒకరు గేర్‌బాక్స్ మార్చాలని చెప్పిన ఖర్చుకి నాకు నిద్ర కూడా పట్టలేదు. మీరు ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్ విప్పి, లోపల నల్లగా గట్టిపడిన గ్రీజు డీజిల్‌తో కడిగి, మళ్లీ బిగించి, అది లాక్ అయితేనే ముందు చక్రాలు లాగుతాయని చేత్తో లాక్ వైపు తిప్పి చూపించారు. అంతే! డబ్బులిస్తే టీ చాలన్నారు. నిన్న పాడేరు దాటాక వంజంగి మట్టిరోడ్డు మీద నాలుగు చక్రాలూ పట్టు తీసుకుని ఎక్కుతుంటే నిజంగా కళ్లు చెమర్చాయి. వచ్చే వారం మళ్లీ అటు వస్తాను బాబాయ్, కనిపించండి.