కోచ్‌ను వెతికే ముందు ఓటమి ఎక్కడ మొదలైందో చూడాలి

సంపాదకుడు గారికి,

జట్టు నాలుగు మ్యాచ్‌లు ఓడగానే కోచ్‌ను పంపించేయమనే గోల మన దగ్గరా ఉంది, ఆస్ట్రేలియాలోనూ ఉంది. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లల పుణ్యమా అని విజయవాడ, గుంటూరుల్లోనూ కొన్ని ఇళ్లలో ఇప్పుడు ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌ల సంగతులు వినిపిస్తున్నాయి. ఆ లీగ్‌లో అట్టడుగుకు చేరిన క్లబ్బులు కొత్త హెడ్ కోచ్‌ను ఎలా ఎంచుకున్నాయో చూస్తే, మన కబడ్డీ, వాలీబాల్ జట్ల పెద్దలకు పనికొచ్చేది చాలా ఉంది.

ఆట తెలియనివారికి రెండు మాటలు. అండాకారపు మైదానం, జట్టుకు 18 మంది, నాలుగు క్వార్టర్లు. మధ్యనున్న రెండు ఎత్తు స్తంభాల నడుమ నుంచి తంతే 6 పాయింట్లు, పక్క స్తంభాల నడుమ నుంచి పోతే ఒక్కటే. ఆఫ్‌సైడ్ అన్న మాటే లేదు.

పేరును చూసి మురిసిపోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. హాథార్న్‌కు 2008, 2013, 2014, 2015లలో కప్పు తెచ్చిన అలస్టేర్ క్లార్క్‌సన్‌ను నార్త్ మెల్‌బోర్న్ 2022లో తెచ్చుకుంది. 18 జట్లున్న లీగ్‌లో తర్వాతి మూడు సీజన్లలో ఆ జట్టు 17, 17, 16 స్థానాల్లో నిలిచింది. ఆయనకు ఆట రాదని కాదు. చేతిలో ఉన్నది కుర్రాళ్ల జట్టు, నడిపించే సీనియర్లు తక్కువ. అటు బ్రిస్బేన్ 2016 చివర్లో ఎంచుకున్న క్రిస్ ఫాగన్ ఆ స్థాయిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడినవారు కాదు. మొదటి రెండు సీజన్లలో 22 మ్యాచ్‌లకు ఐదేసి గెలుపులు. అయినా బోర్డు కదల్లేదు. కుర్రాళ్లకు తోడుగా హాథార్న్ నుంచి ల్యూక్ హాడ్జ్ లాంటి అనుభవజ్ఞుణ్ణి తెచ్చారు. 2019లో రెండో స్థానం, 2024, 2025లలో వరుసగా కప్పు.

అందుకే వేట మొదలుపెట్టే ముందు గత సీజన్ రికార్డింగులు దగ్గర పెట్టుకుని ఓటమి ఎక్కడ మొదలవుతోందో రాసుకోవాలి. సెంటర్‌లో అంపైర్ బంతి వేశాక దాన్ని మొదట చేజిక్కించుకోలేకపోతే అది మిడ్‌ఫీల్డ్ బలహీనత. బలమైన ఆటగాళ్లు లేకపోతే ఏ కోచ్ వచ్చినా రెండు మూడు డ్రాఫ్టులు (ఏటా క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఆగాల్సిందే. ప్రత్యర్థి గోల్ ముందున్న 50 మీటర్ల గీత లోపలికి బంతి పదే పదే వెళ్తున్నా గోల్స్ రాకపోతే, ఫార్వర్డ్‌లు ఒకరి దారికి ఒకరు అడ్డొస్తున్నారేమో, వాలు కోణం నుంచి తంతున్నారేమో చూడాలి. దీన్ని ఒక్క ప్రీ సీజన్‌లో చాలావరకు దిద్దవచ్చు. అందరూ దాడికి ఎగబడి బంతి పోగొట్టుకుని ఎదురు గోల్స్ ఇస్తుంటే వెనక కాపలా లేదన్నమాట. మూడు క్వార్టర్లు సమానంగా ఆడి నాలుగోదానిలో కుప్పకూలే జట్టుకైతే ఫిట్‌నెస్ విభాగాన్నీ, బెంచి మీది మార్పుల లెక్కనూ ముందు చూడాలి. మిడ్‌ఫీల్డర్లు మ్యాచ్‌కు 12 కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఆట ఇది. మార్పులకేమో పరిమితి ఉంది.

ఇలా రాసుకున్నాక ఒక్కోసారి కోచ్‌ను మార్చక్కర్లేదనీ తేలుతుంది. 2016లో 13వ స్థానానికి జారిన రిచ్‌మండ్ డామియెన్ హార్డ్‌విక్‌ను ఉంచుకుని ఆయన చుట్టూ ఉన్నవారిని మార్చింది. ఫుట్‌బాల్ విభాగానికి నీల్ బామ్‌ను, కొత్త అసిస్టెంట్లను తెచ్చింది. మరుసటి ఏడాదే 37 ఏళ్ల తర్వాత కప్పు కొట్టింది.

మార్చక తప్పదనుకుంటే ఇంటర్వ్యూ గదిలో మాటలు సరిపోవు. జట్టు ఓడిన మూడు మ్యాచ్‌ల రికార్డింగులు ఇచ్చి, వారం తర్వాత పిలిచి, ఏ నిమిషంలో ఏం మార్చేవారో చూపించమనాలి. ఆపైన అరగంట శిక్షణ చేయించాలి. అప్పుడు చూడాల్సింది కోచ్ గొంతును కాదు, మైదానాన్ని. వరసలో నిలబడి వంతు కోసం ఊరికే చూస్తున్నవాళ్లు ఎంతమంది? హ్యాండ్‌బాల్ (బంతిని పిడికిలితో కొట్టి అందించడం) తప్పిన కుర్రాడికి ఏం చెప్పారు, తర్వాత నిమిషంలో ఆ కుర్రాడికి మళ్లీ బంతి అందేలా చూశారా? పాత క్లబ్బులో ఆయన పక్కన పెట్టిన ఆటగాళ్లను కూడా అడగాలి. తప్పించినప్పుడు కారణం ముఖం మీద చెప్పారా లేదా అన్నది వాళ్లే చెప్పగలరు.

వేళ కూడా ముఖ్యమే. సెప్టెంబర్ చివర్లో ఫైనల్, అక్టోబర్‌లో ట్రేడ్లు (క్లబ్బుల మధ్య ఆటగాళ్ల మార్పిడి), నవంబర్‌లో డ్రాఫ్ట్. కోచ్ ఆలస్యంగా వస్తే మరొకరు ఎంచిన జట్టుతో మరొకరి ఆట ఆడించాల్సి వస్తుంది. 2021లో 17వ స్థానంలో ముగించిన కాలింగ్‌వుడ్ ఈ గడువులకు ముందే క్రెయిగ్ మెక్‌రేను ఖరారు చేసుకుంది. ఆయన అప్పటికి హాథార్న్‌లో అసిస్టెంట్ కోచ్. రెండేళ్లకే, 2023లో, బ్రిస్బేన్‌ను 4 పాయింట్ల తేడాతో ఓడించి విజేత అయింది.

మన జిల్లా జట్లలో తరచూ జరిగేది దీనికి తలకిందులు. సెలక్షన్స్ ముగిశాక, పోటీలకు కొద్ది రోజుల ముందు, క్యాంపు కోసం ఎవరో ఒకరిని వేస్తారు. ఓడితే ఆయనదే తప్పు. కబడ్డీ స్కోరు షీట్లలో రైడ్ పాయింట్లు, క్యాచ్ పాయింట్లు, బోనస్‌లు, లోనాలు (ఎదుటి జట్టంతా ఔటైతే వచ్చేవి) విడివిడిగా ఉంటాయి. నిరుటి షీట్లు తీసి కూర్చుంటే డిఫెన్స్ నేర్పేవారు కావాలో, రైడర్లను తీర్చిదిద్దేవారు కావాలో ఒక్క పూటలో తెలిసిపోతుంది. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల క్రీడా సంఘాలు ఈసారి సెలక్షన్స్ నోటీసుకు ముందే కోచ్ పేరు, ఎంచుకున్న కారణం, కనీసం రెండేళ్ల పదవీకాలం ప్రకటించాలి. సెలక్షన్ కమిటీలో ఆ కోచ్‌కు ఓటు ఉండాలి.

ఇట్లు,
ఒక క్రీడాభిమాని, సత్యనారాయణపురం, విజయవాడ