చేర్యాల పెద్దాయనకు దండాలు

పెద్దాయనా, పేరడిగితే "ఎందుకులే బిడ్డా" అని చాయ్ తాగి వెళ్లిపోయారు. అందుకే ఇలా అందరి ముందూ దండం పెడుతున్నాను.

మా ఇంట్లో చుట్టి ఉన్న పాత బొమ్మల గుడ్డ పటం మా ముత్తాత గీయించుకున్నదే అనుకునేవాళ్లం. మీరు దాన్ని అరుగు మీద పరిచి, చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన ఆ గుడ్డను ఎంత మెల్లగా విప్పారో! ఒక్కో గడి చూస్తూ మార్కండేయ పురాణం మొత్తం చెప్పారు. ఇది పద్మశాలీలకు, పటం చూపిస్తూ కథ చెప్పడమే వృత్తిగా ఉన్న కూనపులి వాళ్లు చెప్పే కథ అనీ, పటం ఎప్పుడూ కథ చెప్పేవాళ్ల ఆస్తి అనీ మీరు అన్నాకే మాకు అర్థమైంది. తండ్రి నుంచి కొడుకుకు, అన్నదమ్ములు ఊళ్లు పంచుకున్నప్పుడు తమ్ముడికి, ఆయన కథ మానేశాక దాచమని మా ముత్తాతకు. నాలుగు తరాల దారి మీ నోటి మీదే ఉంది. పాతబడ్డ పటాలను నీళ్లలో కలిపేసే ఆచారంలో ఇది మిగలడమే నాకు పెద్ద విషయం.

మీరు చెప్పిన ఇంటికి పోయిన ఆదివారం పటం తీసుకెళ్లాం. ఆ తమ్ముడి మునిమనవరాలు దాన్ని విప్పకముందే కొబ్బరికాయ కొట్టింది.