12 ఏళ్లు, 13 రోజులు

హైదరాబాద్

ఒరేయ్ సుధాకర్,

ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) వేయిస్తే బుడ్డదానికి ఆటిజం వస్తుందని మీ చెల్లెలు మొండికేసిందని రాశావు. ఆ పుకారుకి పుట్టిల్లు 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పరిశోధన పేపరు. చూసిందల్లా 12 మంది పిల్లల్ని! టీకా కంపెనీల మీద కేసు వేసే లాయర్ల దగ్గర డబ్బు పుచ్చుకున్న సంగతి దాచాడని బ్రయాన్ డీర్ అనే విలేకరి 2004లోనే బయటపెట్టాడు. అయినా లాన్సెట్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. 12 ఏళ్లురా! డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని గమనించి, ఏ సంబంధమూ లేదని 2019లో తేల్చారు. చెల్లెమ్మకి ఈ మాట చెప్పి, ముందు టీకా వేయించు.

అదే లాన్సెట్ ఇంకో కథ విను. కరోనాలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం మెడికల్ షాపుల చుట్టూ తిరిగాం, గుర్తుందా? 671 ఆసుపత్రుల్లో 96,000 మందిని చూశామనీ, ఆ మందు వాడినవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారనీ 2020 మే 22న ఒక పేపరొచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ కంగారుపడి ఆ మందు ట్రయల్‌ని ఆపేసింది. తీరా లెక్క చూస్తే, ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా మొత్తం మీద కరోనాతో చనిపోయింది 67 మంది. పేపర్లో మాత్రం అక్కడి ఐదు ఆసుపత్రుల్లోనే 73 మంది! ఒక ఆసియా ఆసుపత్రిని పొరపాటున ఆస్ట్రేలియాలో కలిపేశామని ఆ పేపరుకి డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీ సర్దిచెప్పింది. అసలు డేటా చూపించమంటే మాత్రం చూపించలేదు. జూన్ 4న పేపరు వెనక్కి. (మందు పనిచేయదని తర్వాత సరైన ట్రయల్స్‌లో తేలిందనుకో, అది వేరే సంగతి.)

అక్కడ 12 ఏళ్లు పట్టింది ఇక్కడ 13 రోజుల్లో ఎలా అయింది? ప్రపంచమంతా దాని మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది కాబట్టి. నా భయమల్లా ఎవరూ తొంగిచూడని పేపర్ల గురించే. హిందావి అనే ప్రచురణ సంస్థ పరిశోధన పత్రికలు 2023లో ఒక్క ఏడాదిలోనే 8,000కి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నాయి. చాలావరకు పేపర్ మిల్లుల (డబ్బు తీసుకుని దొంగ పరిశోధన పేపర్లు తయారుచేసి అమ్మేవాళ్ల) సరుకే. వాటిని నమ్మి పరిశోధన మొదలుపెట్టినవాళ్ల గతేంటి?

ఆ సరుకు కొనేవాళ్లని వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. మా కాలేజీ అప్రైజల్ ఫారంలో ఎన్ని పేపర్లు వేశావన్న గడి ఉంది, అందులో ఏముందని అడిగే నాథుడు లేడు. అందుకే వాట్సాప్‌లో బేరాలు. ఫస్ట్ ఆథర్‌కి ఒక రేటు, నాలుగో పేరుకి ఒక రేటు, స్కోపస్ అనే పరిశోధన పేపర్ల జాబితాలో ఎక్కిస్తామని గ్యారంటీ. కొన్నవాళ్లకి ప్రమోషన్, మనకి స్టాఫ్ మీటింగులో చీవాట్లు. నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది, నెలాఖరు దాకా డిస్కౌంటట. మీ కాలేజీలో ఏ రేటు నడుస్తోందో రాయి.

నీ
మధు